ఎం-2 అంటే కూడికలే!

రెండో సెమిస్టర్ మొదలైన వారానికే హాస్టల్ వరండాల్లో ఒక మాట వినబడుతుంది: "ఎం-1 ఎలాగోలా గట్టెక్కాం గానీ ఎం-2 కష్టంరా బాబూ!" భయపెట్టడంలో సీనియర్లు కూడా తక్కువేం తినలేదు. "డబుల్ ఇంటిగ్రల్స్ వదిలెయ్, వెక్టర్స్‌లో నాలుగు ప్రాబ్లమ్స్ బట్టీ కొట్టు, పాసైపోతావ్" అని ఉచిత సలహా పడేసి వెళ్ళిపోతారు. ఆ సలహాతో పాసయ్యేవాళ్ళు ఉన్నారు, కాదనను. కానీ రెండో సంవత్సరంలో సివిల్, మెకానికల్ వాళ్ళకి ఫ్లూయిడ్ మెకానిక్స్ రూపంలో, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకి ఫీల్డ్స్ రూపంలో, కంప్యూటర్స్ వాళ్ళకి ప్రాబబిలిటీ, మెషీన్ లెర్నింగ్ రూపంలో అదే ఎం-2 మళ్ళీ వచ్చి తలుపు కొడుతుంది. అప్పుడు బట్టీ కొట్టిన నాలుగు ప్రాబ్లమ్స్ పనికిరావు.

నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా బ్యాచ్‌లో నాలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. ఇంగ్లీషులో పాఠం వినేటప్పుడు "ఇది మనకి కొత్త, మిగతావాళ్ళకి తెలుసు" అనే బెరుకు మాలో ఉండేది. అందుకే ఈ వ్యాసం. ఎం-2లో ఉన్న అసలు సంగతి చాలా చిన్నది, అది అర్థమవడానికి కావలసిన మాటలు మన దగ్గర రెండో తరగతి నుంచే ఉన్నాయి.

పేరులోనే ఉంది

చిన్నప్పుడు కూడికని సంకలనం అన్నాం, తీసివేతని వ్యవకలనం అన్నాం. ఇంటర్‌లో తెలుగు అకాడమీ పుస్తకం తెరిస్తే డిఫరెన్షియేషన్‌కి అవకలనం, ఇంటిగ్రేషన్‌కి సమాకలనం అని ఉంటుంది. నాలుగు మాటలూ పక్కపక్కన పెట్టి చూడండి. అన్నిట్లోనూ ఉన్నది కలనమే, అంటే లెక్కించడం. అవకలనం తీసివేతకి చుట్టం, సమాకలనం కూడికకి చుట్టం.

ఇదేదో మాటల గారడీ కాదు, గణితం కూడా ఇదే చెబుతుంది. ఒక క్షణంలో ఉన్న విలువలోంచి దాని ముందు క్షణంలోని విలువ తీసేసి, మధ్య కాలంతో భాగిస్తే వచ్చేది అవకలనం. చిన్న చిన్న ముక్కలన్నీ కూడితే వచ్చేది సమాకలనం. 1675లో లైబ్నిజ్ మొదటిసారి వాడిన ఇంటిగ్రల్ గుర్తు కూడా పొడుగ్గా సాగదీసిన ఎస్ అక్షరమే. లాటిన్‌లో సుమ్మా, అంటే మొత్తం. ఇంటర్‌లో మనం ఆ గుర్తు చూడగానే "ఏ ఫార్ములా?" అని వెతుక్కున్నాం. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు చేయాలంటే అంతకన్నా దారి లేదు. ఎం-2లో మాత్రం ఆ గుర్తు కనబడగానే వేయాల్సిన ప్రశ్న వేరు: "దేన్ని కూడుతున్నాం? ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?" ఈ రెండు ప్రశ్నలకి జవాబు రాయగలిగితే సగం పైన లెక్క అయిపోయినట్టే. మిగతా సగం ఇంటర్ 2-బిలో చేసిన పనే.

చెరువులో నీళ్ళెన్ని?

ఊరి చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో తెలుసుకోవాలి. లోతు అన్నిచోట్లా ఒకేలా ఉండదు, గట్టు దగ్గర మోకాలి లోతు, తూము దగ్గర నిలువు లోతు. ఏం చేస్తాం? చెరువు మీద ఒక పెద్ద వల పరిచామనుకోండి, ఒక్కో గడి ఒక మీటరు పొడవు, ఒక మీటరు వెడల్పు. ప్రతి గడిలో కర్ర దింపి లోతు చూసి, గడి వైశాల్యంతో గుణించి, అన్నీ కూడితే నీళ్ళ లెక్క దాదాపుగా వస్తుంది. గడులు ఇంకా చిన్నవి చేస్తే లెక్క ఇంకా సరిగ్గా వస్తుంది. గడులు చిన్నవవుతున్న కొద్దీ ఆ మొత్తం ఏ సంఖ్య దగ్గరికి చేరుతుందో, అదే డబుల్ ఇంటిగ్రల్. అంతకన్నా దాంట్లో ఏమీ లేదు.

మరి రెండు ఇంటిగ్రల్ గుర్తులు ఎందుకు? అన్ని గడులనీ ఒకేసారి కూడలేం కాబట్టి. క్లాసులో తలలు లెక్కపెట్టేటప్పుడు ఒక్కో వరసనీ లెక్కపెట్టి, తర్వాత వరసల మొత్తాలు కూడతాం కదా, అలాగే. లోపలి ఇంటిగ్రల్ ఒక వరస మొత్తం. బయటి ఇంటిగ్రల్ ఆ వరసలన్నిటి మొత్తం. అడ్డవరసల్లో లెక్కపెట్టినా నిలువువరసల్లో లెక్కపెట్టినా క్లాసులో ఉన్నవాళ్ళు అంతమందే. ఈ చిన్న విషయమే పరీక్షలో "ఆర్డర్ ఆఫ్ ఇంటిగ్రేషన్ మార్చండి" అనే ప్రశ్నగా వస్తుంది.

దున్నే దిక్కు మారిస్తే

ప్రతి గైడులోనూ ఉండే ఒక లెక్క తీసుకుందాం. ఈ పవర్ వై స్క్వేర్ అనే ఫంక్షన్ ఉంది. లోపల వై విలువ ఎక్స్ నుంచి 1 దాకా, బయట ఎక్స్ విలువ 0 నుంచి 1 దాకా. ఇచ్చింది ఇచ్చినట్టే చేద్దామని కూర్చుంటే మొదటి అడుగులోనే ఆగిపోతాం, ఎందుకంటే ఈ పవర్ వై స్క్వేర్‌కి మనకి తెలిసిన మామూలు ఫంక్షన్లతో సమాకలని రాయడం కుదరదు. ఇది మన చేతగానితనం కాదు, కుదరదని గణితంలో రుజువు చేశారు.

ఇప్పుడు బొమ్మ గీయండి. ఎక్స్ 0, వై 1, ఎక్స్ సమానం వై అనే మూడు గీతల మధ్య ఒక త్రిభుజం వస్తుంది. ఆ త్రిభుజాన్ని ఒక పొలం అనుకోండి. ఇచ్చిన లెక్క ఈ పొలాన్ని నిలువు చాళ్ళలో దున్నమంటోంది. ప్రతి చాలూ ఏటవాలు గట్టు దగ్గర మొదలై పై గట్టు దగ్గర ఆగుతుంది. మనం అడ్డంగా దున్నుదాం. ఇప్పుడు ప్రతి చాలూ ఎడమ గట్టు దగ్గర, అంటే ఎక్స్ 0 దగ్గర మొదలై, ఏటవాలు గట్టు దగ్గర, అంటే ఎక్స్ సమానం వై దగ్గర ఆగుతుంది. అలాంటి చాళ్ళు వై 0 నుంచి 1 దాకా ఉన్నాయి. లోపలి ఇంటిగ్రల్‌లో ఎక్స్ ఒక్కటే కదులుతుంది, వై కదలదు కాబట్టి ఈ పవర్ వై స్క్వేర్ స్థిరాంకంలా బయటికి వచ్చేస్తుంది. చాలు పొడవు వై. అంటే వై ఇంటూ ఈ పవర్ వై స్క్వేర్ మిగిలింది. వై స్క్వేర్‌ని టీ అనుకుంటే రెండు లైన్లలో అయిపోతుంది. జవాబు ఈ మైనస్ 1 బై 2, అంటే సుమారు 0.86.

చేయలేని లెక్క చేయగలిగే లెక్కగా మారడానికి ఒక్క కొత్త ఫార్ములా కూడా అక్కర్లేదు. కావలసింది పొలం బొమ్మ, ఒక్క చాలు. అందుకే ఎవరడిగినా నేను మొదట చెప్పేది ఒకటే: బొమ్మ గీసి, అందులో ఒక్క చాలు గీసి, అది ఏ గట్టు దగ్గర మొదలై ఏ గట్టు దగ్గర ఆగిందో చూసి రాయండి. అవే లిమిట్స్.

ఆ ఆర్ ఎక్కడి నుంచి వచ్చింది?

పోలార్ కోఆర్డినేట్స్‌లోకి మారేటప్పుడు డీఎక్స్ డీవై బదులు ఆర్ డీఆర్ డీతీటా రాస్తాం. ఆ ముందున్న ఆర్‌ని మర్చిపోయి మార్కులు పోగొట్టుకునేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. జాకోబియన్ డిటర్మినెంట్ వేసి చూపిస్తే ఆర్ వస్తుంది, అది నిజమే. కానీ దాన్ని కళ్ళతో చూడాలంటే గానుగ దగ్గరికి వెళ్ళాలి.

గానుగ చుట్టూ ఎద్దు తిరుగుతోంది. కర్ర పొడవు రెండు మీటర్లయితే ఎద్దు ఒక చుట్టుకి ఇంత దూరం నడుస్తుంది. కర్ర నాలుగు మీటర్లయితే తిరిగిన కోణం అదే, నడక మాత్రం రెట్టింపు. అంటే కొంచెం కోణం తిరిగితే నడిచే దూరం డీతీటా ఒక్కటే కాదు, ఆర్ డీతీటా. ఆ నడకని డీఆర్ అనే చిన్న వెడల్పుతో గుణిస్తే ఒక చిన్న ముక్క వైశాల్యం వస్తుంది. కేంద్రం దగ్గర ముక్కలు చిన్నవి, దూరం పోయేకొద్దీ పెద్దవి. అందుకే ఆర్ ఉండి తీరాలి.

సరిచూసుకోవడం కూడా తేలికే. ఏ వ్యాసార్ధం ఉన్న వృత్తం వైశాల్యం కట్టండి. ఆర్ రాస్తే పై ఏ స్క్వేర్ వస్తుంది. ఆర్ మర్చిపోతే 2 పై ఏ వస్తుంది, అది చుట్టుకొలత. వైశాల్యం అడిగితే మీటర్లలో జవాబు వచ్చిందంటే, పేపరు ఇచ్చే ముందే ఎక్కడో తేడా కొట్టిందని తెలిసిపోతుంది. ఈ యూనిట్ల పరీక్ష అర నిమిషం పని, ఎన్నో మార్కులు కాపాడుతుంది.

ఇదే ఆర్ ఇంకో మేలు కూడా చేస్తుంది. ఈ పవర్ మైనస్ ఎక్స్ స్క్వేర్‌ని మైనస్ ఇన్ఫినిటీ నుంచి ఇన్ఫినిటీ దాకా కూడడం మామూలు దారిలో కుదరదు. దాన్ని దానితోనే గుణించి, డబుల్ ఇంటిగ్రల్ చేసి, పోలార్‌లోకి మారిస్తే, ముందొచ్చి కూర్చున్న ఆ ఆర్ వల్లే లెక్క విడిపోతుంది. జవాబు రూట్ పై. ప్రాబబిలిటీలో నార్మల్ డిస్ట్రిబ్యూషన్ కింద కనబడే రూట్ 2 పై పుట్టిల్లు ఇదే.

టీ చల్లారే లెక్క

డిఫరెన్షియల్ ఈక్వేషన్స్ యూనిట్‌లో పద్ధతుల పేర్లు చాలా ఉంటాయి: ఎగ్జాక్ట్, లీనియర్, బెర్నౌలీ, వేరియేషన్ ఆఫ్ పారామీటర్స్. పేర్ల గుంపులో పడి అసలు ఏం జరుగుతోందో మర్చిపోతాం. క్యాంటీన్ టీ తీసుకోండి. గది వేడి 30 డిగ్రీలు, టీ 80 డిగ్రీలు. అయిదు నిమిషాలకి 60కి దిగింది. పది నిమిషాలకి ఎంత? 40 అనిపిస్తుంది. కానీ న్యూటన్ శీతలీకరణ నియమం ప్రకారం టీ చల్లారే వేగం గదికీ టీకీ ఉన్న తేడాని బట్టి ఉంటుంది. తేడా తగ్గేకొద్దీ చల్లారడం కూడా మందగిస్తుంది. మొదట తేడా 50, అయిదు నిమిషాల తర్వాత 30. అంటే ప్రతి అయిదు నిమిషాలకీ తేడా 0.6 రెట్లవుతుంది. తర్వాత 18, ఆ తర్వాత 10.8. కాబట్టి పది నిమిషాలకి టీ 48 డిగ్రీలు, పదిహేను నిమిషాలకి 40.8.

సమీకరణం చెప్పేది ఈ క్షణంలో మార్పు ఎంత అని మాత్రమే. అలాంటి చిట్టి మార్పులన్నీ కూడుకుంటూ పోతే టీ మొత్తం కథ వస్తుంది. ఇక్కడా కూడికే. ఇదే సమీకరణం ఆర్‌సీ సర్క్యూట్‌లో కెపాసిటర్ డిశ్చార్జికీ పనికొస్తుంది. టీ స్థానంలో వోల్టేజీ పెడితే చాలు.

గట్టు మీద నడిస్తే పొలం లెక్క

ఇక అందరూ భయపడే వెక్టర్ ఇంటిగ్రేషన్. గ్రీన్, స్టోక్స్, గాస్ అని మూడు సిద్ధాంతాలు. మూడింటి వెనకా ఉన్నది ఒకే ఆలోచన, అది మనకి పేపర్లో కూడా దొరుకుతుంది.

వానాకాలంలో నాగార్జున సాగర్ నీటిమట్టం రోజూ పేపర్లో వేస్తారు. నెల రోజుల పాటు రోజువారీ హెచ్చుతగ్గులన్నీ కూడితే ఏమొస్తుంది? చివరి రోజు మట్టంలోంచి మొదటి రోజు మట్టం తీసేస్తే వచ్చేదే వస్తుంది. మధ్య రోజులన్నీ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, రెండు కొసలే మిగులుతాయి. ఇంటర్‌లో నిశ్చిత సమాకలని చేసినప్పుడు పై అవధి విలువలోంచి కింది అవధి విలువ తీసేశాం కదా, అది ఇదే.

ఆ పక్కనే ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అని కూడా వేస్తారు. లోపల నీళ్ళు ఎంత పెరిగాయో తెలియాలంటే రిజర్వాయరంతా కొలవక్కర్లేదు. ఆవిరయ్యేదీ ఇంకేదీ పక్కన పెడితే, అంచు దగ్గర ఎంత వచ్చిందో ఎంత పోయిందో చూస్తే చాలు. లోపలి మొత్తం అంచు దగ్గరే తెలిసిపోతుంది. గాస్ డైవర్జెన్స్ సిద్ధాంతం చెప్పేది ఇదే. లోపల చిన్న చిన్న గదులున్నాయనుకోండి. ఒక గది నుంచి బయటికి పోయింది పక్క గదిలోకి వచ్చిందే, కాబట్టి మధ్య గోడల లెక్కలన్నీ కొట్టుకుపోతాయి. బయటి గోడే మిగులుతుంది.

గ్రీన్ సిద్ధాంతంలో గోడల బదులు గట్లు. పొలాన్ని చిన్న మడులుగా చేసి, ప్రతి మడి చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుగా నడవండి. రెండు మడుల మధ్య గట్టు మీద ఒకసారి అటు, ఒకసారి ఇటు నడుస్తారు, రెండూ కొట్టుకుపోతాయి. అందరూ నడిచాక మిగిలేది పొలం చుట్టూ ఉన్న పెద్ద గట్టు మీద నడక ఒక్కటే. అదే పనిని చదునైన పొలంలో కాకుండా గుట్ట లాంటి వంపు తలం మీద చేస్తే స్టోక్స్ సిద్ధాంతం.

దీనితో ఏం లాభమంటే, పొలం లోపలికి దిగకుండానే వైశాల్యం కట్టొచ్చు. సిద్ధాంతంలో ఎం స్థానంలో మైనస్ వై బై 2, ఎన్ స్థానంలో ఎక్స్ బై 2 పెడితే, లోపల కూడేది వైశాల్యమే అవుతుంది. తిన్నటి గట్లున్న పొలానికి అది చిన్న సూత్రంగా మారుతుంది: ఒక మూల నుంచి తర్వాతి మూలకి వెళ్ళేటప్పుడు, మొదటి మూల ఎక్స్‌ని రెండో మూల వైతో గుణించి, అందులోంచి రెండో మూల ఎక్స్, మొదటి మూల వైల లబ్ధం తీసేయాలి. అన్ని గట్లవీ కూడి సగం చేయాలి.

ఒక పొలం నాలుగు మూలలు మీటర్లలో (0, 0), (60, 0), (50, 40), (10, 50) అనుకుందాం. మొదటి గట్టుకి 0, రెండో గట్టుకి 2400, మూడో గట్టుకి 2500లోంచి 400 పోగా 2100, నాలుగో గట్టుకి 0. మొత్తం 4500, సగం 2250 చదరపు మీటర్లు. ఎకరం సుమారు 4047 చదరపు మీటర్లు కాబట్టి, తెలంగాణ లెక్కలో ఇది 22 గుంటల పైచిలుకు, ఆంధ్ర లెక్కలో 55న్నర సెంట్లు. సర్వేయింగ్‌లో మూలల కోఆర్డినేట్లతో వైశాల్యం కట్టే పద్ధతి ఇదే. సివిల్ వాళ్ళ సర్వే ల్యాబ్‌లో మ్యాపు మీద అంచు వెంబడి తిప్పితే వైశాల్యం చూపించే ప్లానిమీటర్ కూడా గ్రీన్ సిద్ధాంతం మీదే నడుస్తుంది.

మిల్లు నుంచి వచ్చిన లెక్క

ఈ గ్రీన్ ఎవరో తెలుసుకుంటే మనలాంటివాళ్ళకి కాస్త ధైర్యం వస్తుంది. జార్జ్ గ్రీన్ ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో రొట్టెలు చేసి అమ్మే ఇంట్లో 1793లో పుట్టాడు. చిన్నప్పుడు బడికి వెళ్ళింది ఏడాది పైన మాత్రమే. తండ్రి కట్టించిన గాలిమరలో పిండి పట్టిస్తూ తనంతట తాను గణితం నేర్చుకుని, 1828లో విద్యుత్తు, అయస్కాంతత్వాల మీద ఒక వ్యాసం సొంతంగా అచ్చు వేయించుకున్నాడు. కేంబ్రిడ్జ్‌లో విద్యార్థిగా చేరేసరికి అతనికి 40 ఏళ్ళు. 1841లో చనిపోయాడు, ఆ వ్యాసం విలువ లోకానికి తెలిసింది ఆ తర్వాతే.

స్టోక్స్ సిద్ధాంతం కథ ఇంకో రకం. 1850లో కెల్విన్ దాన్ని ఒక ఉత్తరంలో స్టోక్స్‌కి రాసి పంపాడు. స్టోక్స్ 1854లో దాన్ని కేంబ్రిడ్జ్ స్మిత్ ప్రైజ్ పరీక్షలో ప్రశ్నగా ఇచ్చేశాడు. ఆ పరీక్ష రాసినవాళ్ళలో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ ఒకడు. తర్వాత విద్యుదయస్కాంత సమీకరణాలు రాసినది ఆయనే. అంటే మనల్ని పరీక్షల్లో వేధించే ఈ సిద్ధాంతం అచ్చులోకి రావడమే పరీక్ష ప్రశ్నగా వచ్చింది!

మరి చదవడం ఎలా?

సెమిస్టర్ అంటే చూస్తుండగానే అయిపోయే పదహారు వారాలు. నేను చూసినంతవరకు పనిచేసినవి ఇవీ.

ఇంటర్ 2-బిలోని సమాకలనం అధ్యాయాన్ని మొదటి రెండు వారాల్లోనే ఒకసారి తిరగేయండి. ఎం-2 లెక్కల్లో చాలామంది ఆగిపోయేది కొత్త విషయం దగ్గర కాదు, పార్ట్స్ పద్ధతి, త్రికోణమితి సూత్రాల దగ్గర.

రోజుకి రెండు లెక్కలు చాలు, కానీ సొల్యూషన్ మూసేసి చేయాలి. చూసి రాసుకుంటే అర్థమైనట్టే ఉంటుంది, పరీక్ష హాల్లో తెల్లకాగితం ముందు చేయి కదలదు.

ఆన్సర్ షీట్‌లో బొమ్మ, లిమిట్స్, సిద్ధాంతం పేరు ముందు రాయండి. ఈఏపీసెట్‌లో జవాబు ఒక్కటే చూస్తారు, ఇక్కడ అడుగడుగుకీ మార్కులున్నాయి. చివర్లో కూడిక తప్పినా దారి సరిగ్గా ఉంటే చాలా మార్కులు మనవే.

అన్నిటికన్నా ముఖ్యం, అర్థం కానిది తెలుగులోనే అడగండి. రూమ్మేట్‌ని అడగండి, సీనియర్‌ని అడగండి, సార్‌ని క్లాసయ్యాక అడగండి. "సర్ఫేస్ ఇంటిగ్రల్ ఎవాల్యుయేట్ చేయడం రావట్లేదు" అనే బదులు "సార్, ఇక్కడ దేన్ని కూడుతున్నాం?" అని అడిగి చూడండి. అలా అడిగితే జవాబు కూడా సూటిగా వస్తుంది. పరీక్ష ఇంగ్లీషులోనే రాస్తాం, రాయాలి కూడా. కానీ అర్థమైనదాన్ని ఇంగ్లీషులో రాయడం నేర్చుకోవచ్చు. అర్థం కానిదాన్ని ఏ భాషలో రాసినా బట్టీయే.

పోయే ముందు ఒక లెక్క. పైన చెప్పిన 2250 చదరపు మీటర్ల పొలం మధ్యలో 3 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి బావి ఉంది. బావి పోగా మిగిలిన నేల గట్ల మీద నడకతోనే రావాలి. పొలం చుట్టూ గడియారం ముల్లుకి ఎదురుగా నడిచారు సరే, బావి చుట్టూ ఎటు నడవాలి? జవాబు సుమారు 2221.7 చదరపు మీటర్లు వస్తే మీరు సరైన దిక్కునే నడిచారు.